అమ్మ వంటలను కొలతలతో రాయడం ఎలా?

నమస్కారం. వంటల గురించి రాయడాన్నే వృత్తిగా చేసుకోవాలని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. నటి, వంటల పుస్తకాల రచయిత్రి మధుర్ జాఫ్రీ గారి జీవితం గురించి చదివాక పుట్టిన కోరిక ఇది. నటన నేర్చుకోవడానికి ఆమె ఢిల్లీ నుంచి లండన్ వెళ్లారు. అక్కడి తిండి సహించక, అమ్మ ఉత్తరాల్లో రాసి పంపిన పద్ధతులు చూసి వంట నేర్చుకున్నారు. ఆమె మొదటి వంటల పుస్తకం 1973లో వచ్చింది.

మా అమ్మాయి ఇప్పుడు చదువు కోసం జర్మనీలో ఉంది. గదిలో ఒకే పొయ్యి, ఒక చిన్న కుక్కరు. అరగంటలో అయ్యే వంటలు తన కోసం రాస్తున్నాను: టమాటా పప్పు, చారు, నిమ్మకాయ పులిహోర, పెసరపప్పు పొంగలి. చిక్కంతా కొలతల దగ్గరే. మా అమ్మ "నిమ్మకాయంత చింతపండు", "గుప్పెడు కందిపప్పు", "పోపు కమ్మగా వాసన వచ్చేదాకా" అంటుంది. నేను తూచి చూస్తే ఆ నిమ్మకాయంత చింతపండు ఒకసారి 20 గ్రాములు, మరోసారి 35. పైగా కొత్త చింతపండు పులుపు వేరు, పాతదాని పులుపు వేరు. అన్నీ గ్రాముల్లో రాస్తే అమ్మ మాట పోతుంది. రాయకపోతే అమ్మాయికి వంట కుదరదు.

పత్రికలకు వంటలు రాసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఈ రెండింటినీ మీరు ఎలా కలిపారు? ఒక్కో వంటను ఎన్నిసార్లు వండి చూశాక పంపేవారు? కొత్తవారు ముందు వారపత్రికలకు పంపడం మంచిదా, లేక సొంతంగా పుస్తకమే సిద్ధం చేసుకోవాలా? పోపు ఎప్పుడు దించాలో చదివినవారికి తెలిసేలా మీరు రాసిన వాక్యం ఒక్కటి ఉన్నా పంపండి, నాకు ఎంతో మేలు.