చూడామణి శ్లోకంలో ‘జనన్యా’: ఎవరి తల్లి?

గోదారిగట్టు:
చూడామణి ఇచ్చాక సీతమ్మ, దీన్ని చూస్తే రాముడికి ముగ్గురు గుర్తొస్తారంటుంది కదా. "వీరో జనన్యా మమ చ...", అంటే ఆ వీరుడు తల్లినీ, నన్నూ తలచుకుంటాడని. సుందరకాండ పారాయణంలో ప్రతిసారీ అక్కడే ఆగిపోతున్నాను. ఆ జనని కౌసల్యా, సీతమ్మ తల్లా?

కందప్రియుడు:
తర్వాతది "రాజ్ఞో దశరథస్య చ", దశరథ మహారాజునూ అని. కర్త రాముడు, "వీరో" పక్కనే ఉంది. కాబట్టి కౌసల్యే. తల్లీ తండ్రీ, మధ్యలో సీత. చక్కగా కుదిరింది.

మిథిల ఆడపడుచు:
అదెలాగండీ? అది పుట్టింటి నగ. 66వ సర్గలో రాముడే "వైదేహ్యాః శ్వశురేణ మే" అంటాడు, పెళ్లప్పుడు మామగారిచ్చారని. పెళ్లికూతురి తలలో మణి అలంకరించింది కన్నతల్లి కాక ఇంకెవరు?

సూత్రధారి:
ఒక్కమాట. "మమ"ను "జనన్యా"తో కలిపి "నా తల్లి" అనేస్తున్నారు చాలామంది. అలా కలిపితే ఇద్దరే మిగులుతారు, "త్రయాణాం" (ముగ్గురిని) అన్న మాట చెడుతుంది. తలచుకోవడం అనే క్రియకు కర్మ షష్ఠీ విభక్తిలో వస్తుంది, "అధీగర్థదయేశాం కర్మణి" అని పాణిని సూత్రం. "మమ" విడిగా ఉండాల్సిందే.

మిథిల ఆడపడుచు:
నేనూ కలపలేదు మాస్టారూ. మాట్లాడుతున్నది సీత కదా, ఉత్త "అమ్మ" అన్నా తన అమ్మే. మనింటి ఆడపిల్ల "అమ్మ పెట్టిన గాజులు" అంటే అత్తగారనుకుంటామా?

గోదారిగట్టు:
మరి మణి చూసి రాముడు తలచుకున్నది తండ్రినీ జనకుణ్ణీ. "యథా తాతస్య దర్శనం", నాన్నను చూసినట్టుంది అన్నాడు, తల్లి ఊసే లేదు. నన్ను తొలిచేది అదే.

కందప్రియుడు:
నన్నడిగితే అసలు ఆనవాలు మణి కాదు. నగ ఎవరి చేతికైనా చిక్కుతుంది. కాకాసురుడి కథ, సీత చెక్కిలి పక్కన రాముడు మనఃశిలతో (ఎర్రటి రాతిపొడితో) దిద్దిన తిలకం, అవీ ఆనవాళ్లంటే. ఇక నమ్మకమిచ్చే మాటంటే మొల్లదే, తన రామాయణంలో హనుమ సీతమ్మతో అనేది. "ఉన్నాఁడు లెస్స రాఘవుఁ డున్నాఁ డిదె కపులఁ గూడి..." ఒక్క కందంలో నాలుగుసార్లు "ఉన్నాడు"! ఏ ఉంగరానికి తీసిపోతుంది?

సూత్రధారి:
అందులో "లెస్స" మీదే నా ప్రాణం. క్షేమం అన్న సంస్కృతం మాట తెచ్చిపెట్టలేదు ఆవిడ.

మిథిల ఆడపడుచు:
ఆ కందం చివర చూడండి, "ఉర్వీతనయా" అని పిలుపు. భూమి కూతురా అని! మరి వాల్మీకి జననికి భూదేవి అని అర్థం చెప్పుకోకూడదా?

కందప్రియుడు:
భూదేవిని చూసి రాముడు ఏం గుర్తుపడతాడమ్మా? పెళ్లిలో ఆయన చూసినవాళ్లే రావాలి అక్కడ.

మిథిల ఆడపడుచు:
అయితే మా అమ్మగారే కదండీ, కౌసల్య కాదుగా! పెళ్లికి ఆవిడ మిథిలకు వచ్చినట్టు బాలకాండలో ఎక్కడుందో శ్లోకం చూపించండి.