రెండు కాపీలు కలిపితే పని ఎక్కడి నుంచి వస్తోంది?

క్వాంటం బ్యాటరీల (శక్తిని దాచుకునే చిన్న క్వాంటం వ్యవస్థల) గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. మూడు రోజులుగా కాగితం మీద అదే లెక్క. తెలిసినవారు దయచేసి సాయం చేయండి.

మూడు శక్తి స్థాయిలున్న వ్యవస్థను తీసుకున్నాను: శక్తులు 0, 2, 3, సంభావ్యతలు వరుసగా 0.5, 0.4, 0.1. శక్తి పెరిగేకొద్దీ సంభావ్యత తగ్గుతోంది, కోహెరెన్స్ (స్థాయిల మధ్య క్వాంటం కలయిక) లేదు. కాబట్టి ఇది పాసివ్ స్థితి. ఏ యూనిటరీ ప్రక్రియతోనూ (వేడి మార్పిడి లేని, వెనక్కి తిప్పగల మార్పుతో) దీని నుంచి పని, అంటే వాడుకోదగ్గ శక్తి, రాబట్టలేం; ఎర్గోట్రోపీ (అలా రాబట్టగల గరిష్ఠ పని) సున్నా. ఇంతవరకు అర్థమైంది.

అదే వ్యవస్థను రెండు కాపీలుగా పక్కపక్కన పెడితే సంగతి మారిపోతోంది. రెండూ మధ్య స్థాయిలో ఉంటే మొత్తం శక్తి 4, సంభావ్యత 0.16. మొదటిది అడుగు స్థాయిలో, రెండోది పై స్థాయిలో ఉంటే శక్తి 3, సంభావ్యత మాత్రం 0.05. ఈ రెండింటినీ తారుమారు చేస్తే 0.11 పని చేతికొస్తుంది! (రెండుసార్లు సరిచూశాను.) థర్మల్ స్థితికైతే (ఒక ఉష్ణోగ్రత వద్ద సమతౌల్యంలో ఉన్నదానికి) ఎన్ని కాపీలు కలిపినా ఇలా జరగదు.

2013లో భౌతికశాస్త్రవేత్తలు అలీకీ, ఫానెస్ దీన్ని ఎంటాంగిల్‌మెంట్‌తో (రెండు వ్యవస్థల స్థితులు విడదీయలేనంతగా పెనవేసుకోవడంతో) ముడిపెట్టారు. కానీ నా లెక్కలో మొదటి స్థితిలోనూ, చివరి స్థితిలోనూ అది లేదు. మరి మార్పిడి మధ్యలో తప్పనిసరిగా పుట్టాలా? పుట్టనివ్వకుండా, మరికొన్ని అంచెల్లో, అదే 0.11 రాబట్టవచ్చా? ఈ అంకెలతోనే ఒక్క దారి చూపించినా చాలు.