నాన్నను ముందు సాగర్‌కు తీసుకువెళ్ళాలా, పుట్టిన ఇంటికా?

ప్రశ్న (సైదాబాద్ అమ్మాయి)

మా నాన్నగారికి 62 ఏళ్ళు. ఆయన నాగార్జునసాగర్ పైలాన్ కాలనీలో పెరిగారు. తాతగారు అక్కడ ప్రాజెక్టు స్టోర్సులో గుమస్తాగా పనిచేసేవారు. నాన్న పదో తరగతి పూర్తయ్యాక తాతగారికి బదిలీ అయి కుటుంబమంతా హైదరాబాదు వచ్చింది. నిరుడు మా మామ్మ పోయే ముందు, నాన్నను తాను కనలేదని చెప్పింది. ఆనకట్ట పనికి వచ్చిన పాలమూరు కూలీల గుడిసెలో పుట్టిన రెండు నెలల బిడ్డను, భర్త జ్వరంతో పోయిన ఆ తల్లి చేతి నుండి తానే తీసుకున్నానని చెప్పింది. గుంపు మేస్త్రీ పేరు, వాళ్ళది మక్తల్ వైపు అన్న మాట, ఈ రెండే ఆమెకు గుర్తున్నాయి.

వాటిని పట్టుకుని ఎనిమిది నెలలు వెతికితే, ఆ మేస్త్రీ మనవడి ద్వారా నాన్నకు ఒక అన్నగారు ఉన్నారని తెలిసింది. ఆయనకు డెబ్బై దాటాయి. అన్నదమ్ములు ఫోనులో మాట్లాడుకున్నారు కానీ, పది నిమిషాలలో సగం "వినపడుతున్నదా" అని ఒకరినొకరు అడగడంతోనే గడిచిపోయింది. తల్లి గురించి అడగడానికి నాన్నకు నోరు రాలేదు. వయసు లెక్క వేసుకుని ఆమె కూడా లేదనే అనుకున్నాము. ఫోను పెట్టేసే ముందు పెదనాన్నగారు "అవ్వ నిన్ను యాది చేస్తది, రా" అన్నారు. ఇంట్లో ఎవరో పెద్దావిడకు ఇంకా గుర్తున్నదని సంతోషించాము. ఆయన కొడుకులలో ఒకరు మాత్రం "ఇన్నేండ్లకు ఎందుకు వస్తున్నరు" అని అడిగారు.

నేనూ నాన్నా కారులో మూడు రోజులు వెళ్ళాలనుకుంటున్నాము. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సాగర్ చేరి, ఆయన చదివిన బడి, ఉన్న క్వార్టరు చూసి, తిరిగి మల్లేపల్లి నుండి కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ దారిలో మక్తల్ వైపు వెళ్ళాలని నాన్న ఆలోచన. సాగర్ చూస్తే ఆయన మనసు అక్కడే చిక్కుకుని ముందుకు కదలరనీ, అందుచేత ముందు ఆ ఊరికే వెళ్ళాలనీ అమ్మ అంటున్నది. మామ్మ కన్న కూతురైన మా మేనత్త "అయితే మేము ఏమీ కామా" అని, వారం రోజులుగా ఫోను ఎత్తడం లేదు. ఇటువంటి ప్రయాణం చేసినవారు ఉంటే సలహా చెప్పగలరు.

జవాబు (నల్లగొండ పంతులు)

మా అమ్మగారిని ఆరేళ్ళ క్రితం ఇలాగే ఆమె పుట్టిన ఇంటికి తీసుకువెళ్ళాను, మొదటి తప్పు అక్కడే చేశాను. ముందుగా చెప్పి వెళ్ళడంతో నలభై మంది వాకిట్లో కూర్చుని ఉన్నారు. దండలు, ఫోటోలు, భోజనాలు అయ్యేసరికి సాయంత్రమైంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకున్నది గొడ్ల కొట్టంలో, చీకటి పడుతుండగా, బర్రెకు గడ్డి వేసే నెపంతో పావుగంట మాత్రమే. కాబట్టి మొదటి కలయిక ఇద్దరు ముగ్గురి మధ్యనే జరిగేలా చూడండి.

నా ఉద్దేశంలో మీ నాన్నగారి మాటే సరైనది. ఇంకొక అడుగు ముందుకు వేసి, పెదనాన్నగారినే సాగర్‌కు రమ్మనండి. మీ నాన్నగారు పుట్టినప్పుడు ఆయనకు ఏడెనిమిదేళ్ళు ఉండి ఉంటాయి. ఆ చోటు ఆయనకూ చిన్ననాటి చోటే. ఒకరి ఇంటికి మరొకరు చుట్టమై వెళ్ళడం కంటే, ఇద్దరికీ తెలిసిన నేల మీద కలుసుకుంటే మాట తేలికగా సాగుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుండి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలే దాకా అక్కడ పనిచేసిన జనం సామాన్యమైన సంఖ్య కాదు. అది రాతి కట్టడం కనుక యంత్రాల కంటే మనుషుల భుజాలే ఎక్కువ మోశాయి. ఆ కూలీల గుడిసెలు ఎక్కడ ఉండేవో కాలనీలో పెరిగిన మీ నాన్నగారికి కూడా తెలియకపోవచ్చు, ఆయన అన్నగారికి తెలుస్తుంది.

గేట్లు ఎత్తినప్పుడు, ముఖ్యంగా శని ఆదివారాలలో, వెళ్ళకండి. ఆ రద్దీలో కారు నిలపడానికే పూట పోతుంది. ఆనకట్ట మీదికి ఇష్టం వచ్చినట్లు వెళ్ళనివ్వరు, దిగువనున్న వంతెన మీద నుండి చూడవచ్చు.

జవాబు (విశ్రాంత న్యాయవాది, హిమాయత్‌నగర్)

ఆ అబ్బాయి అడిగిన మాటను తప్పుగా తీసుకోకండి. అతని మనసులో ఉన్నది బహుశా భూమి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం భర్త మరణించి ఉంటే తల్లి ఒక్కతే బిడ్డను దత్తత ఇవ్వవచ్చు. దత్తహోమం, రాతకోతలు తప్పనిసరి కావు. బిడ్డను ఇచ్చి పుచ్చుకోవడం నిజంగా జరిగి ఉండాలి. చెల్లుబాటైన దత్తతతో, 12వ సెక్షను కింద, బిడ్డకు పుట్టిన కుటుంబంతో ఉన్న సంబంధం తెగినట్లే. దత్తతకు ముందే అతనికి సంక్రమించిన ఆస్తి ఏదైనా ఉంటే అది మాత్రం అతనిదే. ఇదంతా ఆ వాకిట్లో కూర్చుని మీరు వివరించనక్కరలేదు. మీ నాన్నగారు మాటల సందర్భంలో "నేను చూసిపోవడానికే వచ్చాను" అంటే వినవలసినవారికి వినపడుతుంది. ఇదే మాట మీ మేనత్తగారికీ చెప్పండి. ఆ దత్తత వల్ల ఆమె ఆయనకు చట్టప్రకారం కూడా చెల్లెలే, దానిని ఇప్పుడు ఎవరూ రద్దు చేయలేరు.

ఇది చదివే మరికొందరి కోసం ఒక మాట. శిశుగృహం వంటి సంస్థ ద్వారా దత్తత వెళ్ళినవారికి దారి వేరు: పద్దెనిమిదేళ్ళు నిండితే తమ మూలాల కోసం వారే దరఖాస్తు చేసుకోవాలి, వారి తరఫున మూడో మనిషి వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు.

జవాబు (మక్తల్ మనిషి, ప్రస్తుతం ఉప్పల్)

సాగరా, ఊరా అన్న చర్చను కాసేపు పక్కన పెట్టండి. మీ పెదనాన్నగారు "అవ్వ" అన్నారని రాశారు. మీ ఇంట్లో అవ్వ అంటే ముసలావిడ కావచ్చు, మా వైపు పాత తరం వారు కన్నతల్లినే అవ్వ అంటారు. తల్లిదండ్రులను కలిపి చెప్పవలసి వస్తే "అవ్వ, అయ్య" అంటారు. డెబ్బై ఏళ్ళ మనిషి తన తమ్ముడితో "అవ్వ నిన్ను యాది చేస్తది" అన్నాడంటే, అది జరిగిపోయిన మాటలా కూడా లేదు. పొరపాటు నాదే కావచ్చు. అయినా ఈ రాత్రే ఫోను చేసి, "మన అవ్వ ఉన్నదా" అని మీ నాన్నగారి చేతనే అడిగించండి. ఉన్నదంటే ఆమెకు ఎనభై అయిదు పైబడి ఉంటాయి. మూడు రోజుల యాత్ర తరువాతైనా చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు, పన్నెండు రోజుల తరువాత

మక్తల్ మనిషి గారు చెప్పినదే నిజమైంది. ఆ రాత్రి నాన్న ఫోను చేసి ఆ ఒక్క మాట అడిగి, సమాధానం విని, మారు మాట్లాడకుండా ఫోను నా చేతిలో పెట్టారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరి శంషాబాద్, జడ్చర్ల మీదుగా నేరుగా ఊరికే వెళ్ళాము. పంతులు గారి మాట మరచిపోలేదు. వస్తున్నట్లు పెదనాన్నగారికి తప్ప ఎవరికీ చెప్పవద్దని అడిగాము, ఆయన మాట నిలబెట్టుకున్నారు.

ఆమె అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నది. చూపు మందగించింది. నాన్న పక్కన కూర్చుంటే ముంజేతిని మోచేతి దాకా తడిమి, "సారు పెండ్లాం మంచిగున్నదా" అని మా మామ్మ గురించి అడిగింది. ఆమె అడిగిన మొదటి మాట అదే. నిరుడు పోయిందని చెప్పడానికి నాన్నకు చాలాసేపు పట్టింది. మామ్మ పోయినప్పుడు పెద్దగా ఏడవని మనిషి, ఆ అరుగు మీద ఏడ్చారు. భూమి మాట ఎవరూ ఎత్తలేదు. ఎందుకు వస్తున్నారని అడిగిన అబ్బాయే మధ్యాహ్నం జొన్నరొట్టెలు వడ్డించాడు.

మరునాడు పెదనాన్నగారిని కారులో ఎక్కించుకుని సాగర్ వెళ్ళాము. పైలాన్ కాలనీ వెనుక ఒక ఖాళీ జాగా చూపించి, గుడిసెలు ఇక్కడి నుండి అక్కడి దాకా ఉండేవనీ, తల్లి తట్టలు మోయడానికి వెళ్తే తమ్ముణ్ణి తానే చూసుకున్నాననీ చెప్పారు. అది నాన్న ఎనిమిదేళ్ళు క్రికెట్ ఆడిన మైదానం. మేము అక్కడ ఉండగానే మేనత్త హైదరాబాదు నుండి బస్సులో దిగింది. మంచినీళ్ళ కుళాయి ఈ మూలన ఉండేదని పెదనాన్నగారు అంటే, కాదు, ఆ మూలన, బిందెలు మోసింది నేను అని ఆమె పట్టుబట్టింది. ఇద్దరూ నన్నూ నాన్ననూ వదిలేసి దాని ఆనవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.