దూబగుంట సారా ఉద్యమం: చదువుకూ, చట్టానికీ సంబంధం ఏమిటి?

ప్రశ్న (కావలి విద్యార్థిని):
మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు 1990ల తొలి ఏళ్ళలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారని విన్నాను. అక్షరాలు నేర్చుకోవడం వల్ల ప్రభుత్వ నిర్ణయం ఎలా మారిందో పెద్దలు వివరించగలరా?

జవాబు (కలిగిరి నుంచి):
అమ్మా, కీలకమంతా సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం జరిపిన వేలంపాటలో ఉంది. పాటల ద్వారా ఖజానాకు రాబడి వచ్చేది కనుక, దుకాణం మూయించమని ఒక్కొక్కరు మొరపెట్టుకుంటే వినేవారు లేరు. తాగుడుతో చితికిన కుటుంబం గురించిన పాఠాన్ని కలిసి చదువుకున్న స్త్రీలు, తమ ఇంటి బాధ ఊరందరిదీ అని గ్రహించి, ముందు సారాను ఊళ్ళోకి రానివ్వకుండా చేసి, తర్వాత వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993లో సారా నిషేధం వచ్చింది. మా అమ్మ కూలి డబ్బులు కొంగున ముడివేసుకుని, ఆ ముడి మీద చేయి వేసుకునే నిద్రపోయేది. నిషేధం వచ్చాక వాటిని బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టింది.

జవాబు (ఒంగోలు నుంచి):
ఎన్నికల సంగతి కూడా చెప్పాలి. 1994లో సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచిన ఎన్.టి.రామారావు 1995 జనవరిలో దానిని అమలుచేశారు; ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడు 1997లో ఎత్తివేశారు. రాబడికి వేరే దారి చూపకుండా తెచ్చిన నిషేధం నిలవడం కష్టమని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలండీ. వేలంపాటల గురించి మా అమ్మమ్మను కూడా అడిగి రాసుకుంటాను.