నికోసియాలో గ్రీన్ లైన్ వెంట నడవొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): ఆఫీసు పని మీద సైప్రస్ వెళ్తున్నాను. నికోసియాలో రెండు రోజులు ఖాళీ దొరుకుతుంది. సైప్రస్ ప్రభుత్వం చేతిలోని దక్షిణం, టర్కీ సైన్యం అండతో నడిచే ఉత్తరం అని దీవిని రెండుగా చీల్చిన ఆ గీతని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూడాలని ఎప్పటినుంచో ఉంది. కుదురుతుందా? ఉత్తరం వైపు స్టాంపు పడితే తర్వాత ఇబ్బందేమో అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు (వైట్‌ఫీల్డ్): మొత్తం కుదరదండీ. అది సుమారు 180 కిలోమీటర్లు, లోపలంతా రెండు వైపుల సైన్యాల మధ్య ఐక్యరాజ్యసమితి కాపలా కాసే బఫర్ జోన్. పాత ఊరి కోటగోడల మధ్య ముక్క మాత్రం ఒక్క పూటలో చూడొచ్చు. పాఫోస్ గేటు దగ్గర మొదలుపెట్టి తూర్పుకి వెళ్లండి. గీతని ఆనుకుని దారి ఉండదు. సందులోకి వెళ్తే ఎదురుగా సిమెంటు పీపాలు, ఇసుక బస్తాలు. వెనక్కొచ్చి పక్క సందు పట్టుకోవాలి. నేనలా ఎన్నిసార్లు తిరిగానో. ఒక సందు చివర వడ్రంగి షెడ్డు, లోపల రంపం ఆడుతూనే ఉంది. దాని వెనక గోడతో ఊరు ఆగిపోయింది. గోడకి అవతల మేడ మీద కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకుంటోంది, మూసేవాళ్లు లేరు. 1974లో టర్కీ సైన్యం దిగినప్పుడు వదిలి వెళ్లిన ఇళ్లట అవి. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

2008లో తెరిచిన లెడ్రా వీధి గేటులో నడిచి దాటండి, పాస్‌పోర్ట్ రెండు వైపులా చూస్తారు. ఉత్తరం వాళ్లు నాకు స్టాంపు వేయలేదు. విమానం మాత్రం దక్షిణం వైపే దిగండి. ఉత్తరాన ఎర్జాన్‌లో దిగితే సైప్రస్ ప్రభుత్వం దాన్ని అక్రమ ప్రవేశం అంటుంది. సైనికుల దగ్గర ఫోన్ బయటికి తీయకండి.

జవాబు (జయనగర్): మన రిచ్‌మండ్ రోడ్డుకి జనరల్ తిమ్మయ్య పేరు పెట్టారు కదా, ఆయన అక్కడి ఐక్యరాజ్యసమితి దళానికి కమాండర్‌గా ఉండగానే 1965 డిసెంబరులో చనిపోయారు. లార్నకాలో ఆయన పేరుతో వీధి ఉంది. ఇంకోటి, దక్షిణంలో అద్దెకి తీసుకున్న కారు ఇన్సూరెన్స్ ఉత్తరాన చెల్లదు, గేటు దగ్గర విడిగా కట్టాలి.

ప్రశ్న అడిగినవారు: కారు వద్దులెండి, నడిచే దాటుతాను. ఫ్లైట్ లార్నకా నుంచే కాబట్టి తిమ్మయ్యగారి వీధికి కూడా వెళ్లొస్తాను.