మలక్‌పేట రేసులకు మొదటిసారి వెళ్తున్నాను: గుర్రాన్ని ఎలా ఎంచుకోవాలి, 2,000 రూపాయలను ఎలా సర్దుకోవాలి?

నకిరేకల్ వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. ఈ వానాకాలం సీజన్‌లో ఒక రోజు మా బావగారితో కలిసి మలక్‌పేట రేస్ కోర్స్‌కు వెళ్దామనుకుంటున్నాను. ఆయన చాలా ఏళ్లుగా రేసులు చూస్తున్నారు గానీ ఆయన ఎంపిక అంతా తెలిసినవాళ్లు చెప్పే టిప్పుల మీదే నడుస్తుంది. నాకు మాత్రం గుర్రం గురించి కొంతైనా తెలుసుకొని, నా బుద్ధితో నేనే ఎంచుకోవాలని ఉంది. ఆయన దగ్గర ఉన్న పాత రేస్ బుక్ (ఆ రోజు దిగే గుర్రాల వివరాలున్న పుస్తకం) తెచ్చుకొని రెండు రాత్రులు తిరగేశాను. రేటింగ్, బరువు, డ్రా (గుర్రం బయలుదేరే గేటు సంఖ్య), వెనకటి స్థానాల అంకెలు కనిపిస్తున్నాయి. వాటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో తెలియడం లేదు.

రెండో సంగతి డబ్బు. నేను 2,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టను. దీన్ని అన్ని రేసులకూ సమానంగా పంచాలా, లేక ఒకటి రెండు రేసుల మీదే పెట్టాలా? బావగారేమో విన్ (గుర్రం మొదట వస్తుందని), ప్లేస్ (మొదటి కొన్ని స్థానాల్లో వస్తుందని) పందేలతో ఏమీ మిగలదని, జాక్‌పాట్ ఒక్కటి తగిలితే చాలని అంటున్నారు. హైదరాబాదు దాకా పోవడం దేనికి, ఇక్కడినుంచే ఫోన్‌లో పందెం రాయిస్తానని మా ఊళ్లో ఒకరు కూడా చెప్పారు. అది సరైన పనేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాలమూరు పాత పాఠకుడు:

రోజుకు ఏడెనిమిది రేసులు ఉంటాయి. వాటన్నింటిలోనూ పందెం కాయవలసిన అవసరం లేదు. ముందురోజు రాత్రి రేస్ బుక్ తెరవగానే మీరు మొదట చేయవలసిన పని, వదిలేయవలసిన రేసుల మీద పెన్సిలుతో గీత కొట్టడం. ఇంతవరకూ పరుగెత్తని పిల్ల గుర్రాలు ఎక్కువగా ఉన్న రేసు, అతి తక్కువ రేటింగ్ గుర్రాలు గుంపుగా దిగే 1,100 లేదా 1,200 మీటర్ల రేసు, మధ్య మధ్యలో తెరమీద చూపించే బెంగళూరు, పుణె రేసులు కొత్తవారికి అక్కరలేదు. ఇవి పోగా మీ చేతిలో మూడు రేసులు మిగిలితే చాలు. ఆ మూడింటిని మాత్రం నిదానంగా, ఒక్కో గుర్రాన్ని విడివిడిగా చదవండి.

మన దేశంలో ఎక్కువ రేసులు హ్యాండిక్యాప్ పద్ధతిలో జరుగుతాయి. గుర్రం ఇదివరకు చూపిన పరుగును బట్టి దానికి రేటింగ్ ఇస్తారు; రేటింగ్‌లో ఒక పాయింటు తేడా ఉంటే అర కిలో బరువు తేడా ఉంటుంది. 64 రేటింగ్ గుర్రం 60 కిలోలు మోస్తే, అదే రేసులో 44 రేటింగ్ గుర్రం 50 కిలోలే మోస్తుంది. అందరినీ ఒకే గీత దగ్గరికి తేవాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం కాబట్టి, ఎక్కువ బరువు ఉన్నది మంచి గుర్రమనీ తక్కువ బరువు ఉన్నదానికి పని తేలికనీ చూసీ చూడగానే తేల్చకూడదు. ఇంత బరువు మోస్తూ ఇంత దూరం ఆ గుర్రం ఇంతకుముందు బాగా పరుగెత్తిందా అని చూడాలి. పైతరగతిలో వరుసగా ఓడి, రేటింగ్ తగ్గి, ఇప్పుడు కిందితరగతిలోకి దిగిన గుర్రం పేరు దగ్గర బరువు ఎక్కువ కనిపించినా, ఎదుట ఉన్నవాటి స్థాయి తక్కువ కావడం వల్ల అది గట్టి పోటీదారే కావచ్చు. అదే విధంగా పోయినసారి తేలికగా గెలిచిన గుర్రానికి ఈసారి రేటింగ్ పెరిగి ఉంటుంది గనుక, ఆ గెలుపు ఎంత తేడాతో వచ్చిందో చూడకుండా దాని వెంట పడకూడదు.

వెనకటి స్థానాల అంకెలను ఒంటరిగా చదివితే మోసపోతాం. పోయిన రేసులో ఐదో స్థానం వచ్చిందనుకుందాం. 1,200 మీటర్లలో 59 కిలోలు మోస్తూ, మొదట వెనకబడి, చివరి 200 మీటర్లలో దూరం తగ్గించుకుంటూ వచ్చి, గెలిచిన గుర్రానికి రెండు లెంగ్తుల వెనకే ముగించిన ఐదో స్థానం ఒకటి. మొదట ముందుండి, మలుపు తిరిగాక ఊపిరి చాలక పది లెంగ్తులు వెనకబడిన ఐదో స్థానం ఇంకొకటి. మొదటి గుర్రం ఈసారి 1,400 మీటర్లలో 55.5 కిలోలతో దిగుతుంటే దాని పేరు దగ్గర తప్పకుండా గుర్తు పెట్టుకోండి. లెంగ్త్ అంటే దాదాపు ఒక గుర్రం పొడవు. ఈ తేడాల అంకెలు బుక్‌లోనే ఉంటాయి, చాలామంది వాటిని చూడరు.

ఆ తర్వాత ట్రాక్ వర్క్. పొద్దున సాధనలో 600, 800 మీటర్లకు పట్టిన సమయం, ఆ సమయం పక్కనే గుర్రం ఎలా కదిలిందన్న ఒక ముక్క ఉంటాయి. బలవంతంగా తోలితే వచ్చిన మంచి సమయం కంటే, సులువుగా పరుగెత్తిందని రాసిన మామూలు సమయానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఒకే ట్రైనర్ గుర్రాలు రెండు దిగుతుంటే, ఆ లాయంలో ఎప్పుడూ ఎక్కే జాకీ దేని మీద ఎక్కాడో గమనించండి. అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న) జాకీకి ఇచ్చే బరువు మినహాయింపు గుర్రానికి లాభమే, కానీ మొండి గుర్రం మీద అనుభవం లేని చేయి ఉంటే ఆ లాభం నిలవదు. డ్రా సంగతి పొట్టి రేసుల్లో ఎక్కువ పట్టించుకోవాలి, ఎందుకంటే బయటి గేటు దొరికిన గుర్రం లోపలి అంచుకు చేరేలోపే రేసులో కొంత భాగం గడిచిపోతుంది.

మన పాలమూరుకు ఈ మైదానంతో చుట్టరికం ఉందని కూడా చెప్పాలనిపిస్తోంది. రేసులను 1886లో మలక్‌పేటకు తెచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదే మహబూబ్‌నగర్ వెలసింది. అక్టోబరు 2న దక్కన్ డెర్బీ జరుగుతుంది. వీలైతే ఆ రోజు వెళ్లండి, సీజన్‌లోని మేలైన గుర్రాలు కొన్ని ఒకేసారి కంటబడతాయి.

కోదాడ ఖాతాలు:

పై సభ్యులు గుర్రాన్ని చదవడం చెప్పారు, నేను డబ్బు విషయం చెబుతాను.

ముందుగా ఫోన్ పందెం గురించి. దయచేసి ఆ వైపు వెళ్లవద్దు. తెలంగాణ గేమింగ్ చట్టం, 1974 ప్రకారం గుర్రప్పందేనికి మినహాయింపు ఉన్నది, రేసు జరిగే రోజున, రేసు నిర్వాహకులు ప్రభుత్వ అనుమతితో కేటాయించిన ఆవరణలో, లైసెన్సు ఉన్న బుకీ (తాను చెప్పిన రేటుకు పందెం తీసుకునేవాడు) దగ్గరో టోటలైజేటర్ (అందరి డబ్బునూ ఒకచోట చేర్చి పంచే ఏర్పాటు, వాడుకలో టోట్) ద్వారానో కాసినప్పుడు మాత్రమే. గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడినదని 1996లో సుప్రీంకోర్టు కె.ఆర్. లక్ష్మణన్ కేసులో చెప్పిన మాటను పట్టుకొని, ఎక్కడ కాసినా తప్పులేదని ఊళ్లలో ప్రచారం చేస్తుంటారు. ఆ మాట నమ్మి ఊళ్లోనే పందెం రాయించేవారికి చేతిలో టికెట్టు ఉండదు, గెలిచినా అడిగే హక్కు ఉండదు, పైగా కేసు భయం.

బుకీ బోర్డు మీది రేట్లను శాతాల్లోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. ఆరు గుర్రాల రేసులో రేట్లు 1/1, 3/1, 4/1, 8/1, 10/1, 15/1 ఉన్నాయనుకుందాం (3/1 అంటే గెలిస్తే రూపాయికి మూడు రూపాయల లాభం). 1/1 అంటే గెలిచే అవకాశం 50 శాతమని, 3/1 అంటే 25, 4/1 అంటే 20, మిగతావి సుమారు 11, 9, 6 శాతమని బోర్డు చెబుతున్నట్టు. అన్నీ కూడితే 121 వస్తుంది. నిజంగా ఉండగలిగింది 100 మాత్రమే. పైన ఉన్న 21 బుకీ తన కోసం పెట్టుకున్న జాగ్రత్త. అందువల్ల ఈ గుర్రం గెలుస్తుందా అని మాత్రమే కాక, బోర్డు ఒప్పుకున్న దానికంటే దీనికి ఎక్కువ అవకాశం ఉందని నా చదువు చెబుతోందా అని కూడా అడగాలి. 4/1 ఉన్న గుర్రానికి మూడింట ఒక వంతు అవకాశం ఉందని మీకు గట్టిగా అనిపిస్తే అది పందేనికి తగిన గుర్రం. 1/1 ఉన్న ఫేవరెట్ గురించి మీ అంచనా కూడా సగం సగమే అయితే, అది ఎంత మంచి గుర్రమైనా ఆ ధరకు కాయవలసిన పని లేదు. టోట్‌లో ఈ లెక్క ముందే తేలదు, ఎందుకంటే అక్కడ అందరి డబ్బునూ ఒకచోట పోసి, కోతలు పోగా మిగిలినదాన్ని గెలిచిన టికెట్లకు పంచుతారు.

పన్ను లెక్క విన్నాక చాలామంది ఆశలు కొంత దిగుతాయి, దిగడమే మంచిది. పందెం పూర్తి విలువ మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. మీరు గెలిచినా ఓడినా అది పోతుంది. టికెట్టు ధరలో పన్ను కలిసి ఉందో, విడిగా వేస్తారో కౌంటరులో అడిగి, దాన్ని కలుపుకొనే 2,000 లెక్క వేసుకోండి. గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, దానిపై సెస్సు. ఒక చెల్లింపులో గెలుపు 10,000 దాటితే అక్కడే కోసి ఇస్తారు కనుక పాన్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఒక రేసులో పోయిన డబ్బును ఇంకో రేసు గెలుపులోంచి తీసివేసి చూపడానికి ఆదాయపు పన్నులో వీలులేదు.

ఇక బావగారి జాక్‌పాట్. వరుసగా ఐదు రేసుల విజేతలను చెప్పాలి. ప్రతి రేసులో మూడేసి గుర్రాలు పెట్టుకుంటే 3×3×3×3×3, అంటే 243 కలయికలు. ఒక్కోటి 10 రూపాయలు అనుకున్నా 2,430 అవుతుంది, మీ మొత్తం డబ్బుకు మించిపోతుంది. 3×1×2×1×2 అయితే 12 కలయికలు, 120 రూపాయలు. మీరు బాగా చదివిన రేసులో ఒక్క గుర్రాన్నే నిలబెట్టి, సందేహం ఉన్నచోట మాత్రమే రెండు మూడు పెడితేనే చిన్న మొత్తంలో జాక్‌పాట్ సాధ్యం. ఆయన మాట కాదనలేకపోతే ఇద్దరూ చెరిసగం వేసుకొని ఒక్క టికెట్టు తీసుకోండి.

నేనైతే ఆ 2,000లో దారిఖర్చు, ప్రవేశం, తిండి కింద 500 పక్కన పెట్టి, మిగతా 1,500లో చదివిన మూడు రేసులకు 400 చొప్పున ఇచ్చి, మిగిలిన 300లోనే జాక్‌పాట్ వాటాగానీ ట్రెబుల్ (మూడు రేసుల విజేతలను చెప్పే పందెం) గానీ చూసుకుంటాను. మొదటి రెండూ పోయాయని మూడోదాని మీద రెట్టింపు వేయకూడదు. ఆ మూడో గుర్రానికి మీ నష్టం సంగతి తెలియదు, దాని అవకాశం ఉదయం ఎంతో సాయంత్రమూ అంతే. పత్తి అమ్మిన డబ్బు, చిట్టీ డబ్బు జేబులో పెట్టుకొని అక్కడికి వెళ్లినవారిని చూసి చెబుతున్నాను, ఏటీఎం కార్డు ఇంట్లో వదిలి వెళ్లండి.

మరొక చిన్న సంగతి. ఎస్‌హెచ్‌పీ (సెకండ్ హార్స్ పూల్) అనే పందేన్ని కొత్తవారు ప్లేస్ అనుకుంటారు. మీ గుర్రం సరిగ్గా రెండో స్థానంలో వస్తేనే దానికి డబ్బు వస్తుంది. మొదటి స్థానంలో వచ్చినా రాదు.

వనపర్తి పశువైద్య సహాయకుడు:

పెద్దలు ఇద్దరూ చెప్పినది సరైనదే, కానీ అంతా బుక్‌లోనే ఉందన్న భావన మిగలకూడదని రాస్తున్నాను. రేసుకు ముందు గుర్రాలను ప్యాడాక్‌లో గుండ్రంగా నడిపిస్తారు. ఆ కొద్ది నిమిషాలు కౌంటరు వరుసలో నిలబడి పోగొట్టుకోవద్దు. దేవరకద్ర అంగడిలో ఎద్దును కొనే రైతు ముందు దాని నడక ఎలా చూస్తాడో ఇక్కడా అలాగే చూడాలి. వెనక కాలు ముందు కాలి ముద్రను దాటి పడుతోందా, తల ప్రతి అడుగుకూ ఒకవైపు ఊగుతోందా, మెడ కిందికి వదులుగా ఉందా అన్నవి దూరంనుంచే కనిపిస్తాయి. వెంట్రుక నిగనిగలాడడం, డొక్కల దగ్గర పక్కటెముకలు లీలగా కనిపించడం మంచి సూచనలు. కడుపు జారి కనిపిస్తే, చాలా రోజుల తర్వాత వచ్చిన గుర్రమైతే మరీ, దానికి ఇంకొక పరుగు అవసరమని అర్థం చేసుకోవచ్చు.

చెమట విషయంలో మాత్రం తొందరపడవద్దు. వానాకాలపు ఉక్కలో మెడ మీద కొంత తడి ఉండటం సహజం. వెనక తొడల మధ్య సబ్బు నురగలా తెల్లగా పేరుకొని, దానితోపాటు గుర్రం పక్కకు గెంతుతూ, తోక విదిలిస్తూ, నడిపించేవాడిని లాగుతూ ఉంటే, అది రేసు మొదలు కాకముందే తన శక్తిని ఖర్చు చేసుకుంటోంది. ప్రతిసారీ అలాగే ఉండి గెలిచే గుర్రాలూ ఉన్నాయి కాబట్టి, మీరు ఎంచుకున్న రెండు మూడింటిని పోల్చి చూడటానికే దీన్ని వాడండి. బుక్‌లో అసలు గుర్తించని గుర్రాన్ని అందంగా కనిపించిందని కాయడం సరికాదు.

నకిరేకల్ వాసి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఫోన్ పందెం మాట మరిచిపోయాను. పాత రేస్ బుక్‌నే తీసుకొని, ఆ రోజు ఫలితాలు చూడకుండా, మూడు రేసులు ఎంచుకొని చదివి, తర్వాత ఫలితాలతో సరిచూసుకోవాలని అనుకుంటున్నాను. చివరగా ఒక సందేహం: నేను టికెట్టు తీసుకున్నాక గుర్రం పోటీనుంచి తప్పుకుంటే డబ్బు పోయినట్టేనా? రేసు ముగిసిన వెంటనే టికెట్టు పారేయవచ్చా?

పాలమూరు పాత పాఠకుడు:

పాత బుక్‌తో సాధన చాలా మంచి ఆలోచన. వీలైతే ఒకే బుక్‌తో సరిపెట్టకుండా మరికొన్ని సంపాదించండి, ఒక్క రోజు ఫలితాలతో మీ చదువు ఎలాంటిదో తేలదు. గుర్రం రేసు మొదలుకాకముందే తప్పుకుంటే విన్, ప్లేస్ టికెట్ల డబ్బు తిరిగి ఇస్తారు. జాక్‌పాట్, ట్రెబుల్ వంటివాటికి నియమం వేరుగా ఉంటుంది, టికెట్టు తీసుకునేటప్పుడే కౌంటరులో అడగండి. టికెట్టును మాత్రం గీత దాటగానే పారేయవద్దు. జాకీలు తిరిగి వచ్చి బరువు తూగాలి, అభ్యంతరం లేదా స్టీవార్డుల (రేసును నడిపే అధికారుల) విచారణ ఉంటే అది ముగియాలి; ఆ తర్వాతే ఫలితం ఖాయమవుతుంది, కొన్నిసార్లు స్థానాలు తారుమారవుతాయి. నల్లగొండ బస్సులో వస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మెట్రో ఎక్కండి, మలక్‌పేట స్టేషను రేస్ కోర్స్‌కు దగ్గరే. మొదటి రేసుకు గంట ముందు చేరుకుంటే ఏ గుర్రాలు తప్పుకున్నాయో, ఏ జాకీలు మారారో బోర్డు మీద చూసి మీ బుక్‌లో సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది.