ఫోటో చూసి గీసిన బొమ్మ కింద ఆ ఫోటో ఎవరిదో రాయాలా?

నల్లసిరా:
ఈ వారం స్కెచ్‌బుక్ లోంచి ఏడు పేజీలు పెట్టాను. ఆరింటిని ఎవరూ పట్టించుకోలేదు. గొడుగు బాగుచేస్తున్న ముసలాయన బొమ్మ కింద మాత్రం నిన్నటి నుంచి ఒకటే రచ్చ. "ప్రేరణ: ఎక్కడో చూసిన ఫోటో" అని రాశాను. అది చాలదు, ఫోటో తీసినవాళ్ల పేరు రాయాల్సిందే అంటున్నారు. బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్లకి ఆ గోల ఎందుకని ఇక్కడ వేరే చర్చ పెడుతున్నా.

నా మాట ఇదీ. ఫోటో ముడిసరుకు. కాగితం మీద పడ్డ ప్రతి గీతా నా చేతిదే. వెనకున్న గోడ ఎత్తేశాను, ముఖం మీద ముడతలు సగానికి తగ్గించాను, రంగు మొత్తం మార్చాను. చెట్టుని చూసి గీస్తే చెట్టు పేరు రాస్తున్నామా?

గుండుసూది:
చెట్టు దగ్గర కెమెరా ఉండదు కదండీ.

సూటిగా అడుగుతా, ఏమీ అనుకోకండి. ఆ ముసలాయన చొక్కా ఒకసారి చూడండి. మగవాళ్ల చొక్కాకి గుండీలు తొడుక్కున్నవాళ్ల కుడిపక్క ఉంటాయి, జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. మీ బొమ్మలో రెండూ తారుమారు. ఫోటోని అద్దంలో చూపినట్టు తిప్పారన్నమాట. నాకు ఆ ఫోటో దొరికింది. తిప్పి, మీ బొమ్మని కంప్యూటర్లో సగం పారదర్శకంగా చేసి దాని మీద పెట్టి చూశా. గొడుగు ఊచల్లో మూడోది విరిగి వంకరపోయి ఉంది చూడండి, ఆ వంకర దగ్గర కూడా వెంట్రుకవాసి తేడా లేదు. చూసి గీయడం వేరు, పైన పెట్టి గీయడం వేరు.

నల్లసిరా:
తిప్పిన మాట నిజమే. దాచడానికి కాదు. ఎదుటి పేజీలో పిల్ల కుడివైపు చూస్తోంది, ఈయన ఎడమవైపు చూస్తే రెండు పేజీలూ మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయని. ట్రేస్ చేసింది, అంటే ఫోటో మీద పెట్టి గీత ఎత్తుకుంది, గొడుగు ఒక్కటే.

...సరే, చేతులు కూడా.

పాతకుంచె:
ట్రేసింగ్ అనగానే దొంగను పట్టుకున్నట్టు మీద పడతారేంటయ్యా. అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ 1930ల మధ్య నుంచి ఫోటోల మీద ఆధారపడే వేశాడు. ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద వేసుకుని గీతలు ఎత్తుకునేవాడు. ఫ్రెంచి చిత్రకారుడు డెగా వేసిన గుర్రాలకి, కదలికల్ని ఫోటోలు తీసిన మైబ్రిడ్జ్ ఫోటోలు పనికొచ్చాయి. వాళ్లని ఎవరైనా కాపీరాయుళ్లు అన్నారా? గీత ఎత్తుకోవడం పని తేలిక చేసుకోవడం, అంతే. చేతకానివాడు ట్రేస్ చేసినా తెలిసిపోతుంది. గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే మందంలో, తీగ పరిచినట్టు చచ్చి పడుంటుంది. నల్లసిరా గీత అలా లేదు. చేయి ఒత్తిన చోట ఒత్తింది, వదిలిన చోట వదిలింది.

గుండుసూది:
పాతకుంచె గారూ, గీత బాగోలేదని నేననలేదే. రాక్‌వెల్ సంగతి ఎత్తారు కాబట్టి: ఆయన మనుషుల్ని పిలిపించి, డబ్బులిచ్చి, ఎక్కడ కూర్చోవాలో ఎలా నవ్వాలో తానే చెప్పి, ఫోటో తీయించుకునేవాడు. కెమెరా నొక్కింది ఇంకొకరైనా ఆ ఫోటోలో ఆలోచన ఆయనదే. ఇక్కడ ముసలాయన్ని వెతికింది, ఆ వెలుగు కోసం కాచుకున్నది ఇంకెవరో.

సున్నాబీ:
నేను మొదలుపెట్టి నాలుగు నెలలే. రోజుకి ఇరవై చేతులు గీస్తాను, అన్నీ ఫోటోలు చూసే. ఇరవైమంది పేర్లు రాయాలా? రాస్తే బొమ్మ కంటే పేర్లే ఎక్కువైపోతాయి. అసలు పెట్టడమే మానేస్తే సరిపోతుందేమో అనిపిస్తోంది ఈ చర్చ చదివాక.

మెత్తరబ్బరు:
సున్నాబీ, మానకు. చేతుల సాధన పేజీ మీద "ఫోటోలు చూసి సాధన" అని మూడు మాటలు రాస్తే ఎవరూ నిన్నేమీ అనరు. అది కూడా వద్దనుకుంటే మైబ్రిడ్జ్ 1887లో వేసిన జంతువుల, మనుషుల కదలికల పలకలు 781 ఉన్నాయి. వాటి మీద కాపీరైట్ ఎప్పుడో పోయింది. నడిచేవాళ్లు, మెట్లు దిగేవాళ్లు, బరువులెత్తేవాళ్లు, ఎంతమంది కావాలంటే అంతమంది. కడుపునిండా గీసుకో.

అసలు గొడవకి వస్తా. ట్రేస్ చేశావా లేదా అన్నది నా దృష్టిలో పెద్ద విషయమే కాదు, ఇక్కడ గుండుసూదితో కలవను. వాన్ గో 1887లో జపాన్ చిత్రకారుడు హిరోషిగే చెక్క అచ్చుల్ని రెంటిని నూనెరంగుల్లో మళ్లీ వేశాడు. కొట్టొచ్చినట్టు అవే బొమ్మలు. కానీ ఎక్కడివో తెలియకుండా చేయలేదు, పైపెచ్చు చుట్టూ అంచుల్లో జపాన్ అక్షరాలు కూడా పెట్టాడు. తర్వాత ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మల్ని చూసి వేసినప్పుడు, సంగీతకారుడు బీథోవెన్‌ను వాయించినట్టే తానూ చేస్తున్నానని తమ్ముడికి ఉత్తరం రాశాడు. స్వరం ఎవరిదో చెప్పి వాయించడంలో చిన్నతనం ఏముంది?

చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2008లో షెపర్డ్ ఫెయిరీ అనే అమెరికా చిత్రకారుడు వేసిన ఒబామా "హోప్" పోస్టర్‌కి ఆధారం ఒక వార్తాసంస్థ ఫోటో. ఫోటో వాడుకున్న దావా 2011లో రాజీతో ముగిసింది. 2012లో ఆయనకి పడ్డ ప్రొబేషన్, 25,000 డాలర్ల జరిమానా మాత్రం ఏ ఫోటో వాడాడన్నది దాచడానికి సాక్ష్యాలు చెరిపేసి, దొంగవి సృష్టించినందుకు. బొమ్మ గీసినందుకు కాదు.

ఇంకోటి. 1984లో ఒక పత్రిక, లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ 1981లో తీసిన గాయకుడు ప్రిన్స్ ఫోటోకి 400 డాలర్లిచ్చి, "ఆర్టిస్ట్ రిఫరెన్స్"గా ఒక్కసారి వాడుకోవడానికి అనుమతి తీసుకుంది. పేరున్న చిత్రకారుడు ఆండీ వార్హోల్ దాన్ని చూసి బొమ్మ వేశాడు. ఆమె పేరు కూడా అచ్చు వేశారు. అంటే మనం ఇప్పుడు కొట్టుకుంటున్న పనికి అప్పుడే ఒక పద్ధతీ ఒక ధరా ఉన్నాయి. గొడవంతా 2016లో వచ్చింది. వార్హోల్ అదే ఫోటోతో చేసిన ఇంకో బొమ్మని, ఆయన పోయాక ఆయన ఫౌండేషన్ వాళ్లు గోల్డ్‌స్మిత్‌కి పైసా ఇవ్వకుండా, పేరు వేయకుండా పత్రిక అట్టకి ఇచ్చారు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో గోల్డ్‌స్మిత్ పక్షాన నిలిచింది. రంగు మార్చాను, గోడ తీసేశాను అనే వాదన అక్కడ వార్హోల్ బొమ్మనే కాపాడలేదు నల్లసిరా గారూ.

మన బొమ్మల్ని అడక్కుండా బొమ్మలు గీసే ఏఐ యంత్రాలకి మేపుతున్నారని ఇక్కడే నెలకోసారి శోకాలు పెడతాం. ఫోటోగ్రాఫర్లు ఇదే మాట మనల్ని అంటే చెట్టు కథ చెబుతామా?

పాతకుంచె:
కోర్టుల దాకా పోయారా! అక్కడ పత్రిక ఉంది, డబ్బుంది. ఇక్కడ ఒక స్కెచ్‌బుక్ పేజీ. మరి బాపు గీత చూసి చెయ్యి తిప్పుకోనివాడు మనలో ఎవడు? పెద్ద కళ్లు, ఒక్క ఊపులో దిగే జడ. ప్రతి బొమ్మ కిందా ఆయన పేరు రాస్తున్నామా?

మెత్తరబ్బరు:
గీత తీరు ఎవరి సొత్తూ కాదు, నేర్చుకున్నకొద్దీ మన చేతిలో మారిపోతుంది. విరిగిన మూడో ఊచ తీరు కాదు కదా పాతకుంచె గారూ, అది ఒక రోజు ఒక చోట ఒకరికి కనబడింది. అయినా బాపు మీద ఒట్టేసి చెబుతున్నా, ఆయన బొమ్మనే దించేసినప్పుడు మాత్రం పేరు రాశాను నేను.

నల్లసిరా:
నిన్న మొత్తం మీరన్నవన్నీ చదివి, ఉడుక్కుని, ఫోటో లేకుండానే వేసి చూపిద్దామని కూర్చున్నా. ఒళ్లో పాత గొడుగు, ఎదురుగా అద్దం. మూడు పేజీలు పోయాయి. ఆ ముసలాయన బొటనవేలు ఊచ కిందకి పోయి పైకి ఎత్తి పట్టి ఉంటుంది, మిగతా వేళ్లు బట్టని నొక్కి ఉంటాయి. నాకెంతకీ బొటనవేలు పైకే వస్తోంది. చివరికి ఊచ నిజంగానే ఊడదీసి, మళ్లీ ఎక్కించబోతే అప్పుడు తెలిసింది ఆ వేలు ఎందుకు కిందుండాలో. ఆ ఒక్క క్షణం పట్టుకున్నది ఫోటో తీసినాయనే, నేను కాదు.

ఒప్పుకుంటున్నా, అయితే ట్రేసింగ్ తప్పన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. క్యాప్షన్ మార్చి పేరు రాశాను, రాత్రి ఆయనకి మెసేజ్ పెట్టాను. ఇంకా చూసినట్టు లేదు. ఈలోపు బొమ్మ తీసేయమంటారా, ఉంచమంటారా?

గుండుసూది:
ఉంచండి. అమ్మకానికి మాత్రం ఆయన సరేననేదాకా పెట్టకండి. అద్దం ముందు వేసిన ఆ మూడు పేజీలు కూడా పెట్టండి, నాకు అవే చూడాలనుంది. ఆ చొక్కా గుండీలు కూడా కాస్త సరిచేద్దురూ.